నాలుగు నెలల అమ్మవారు

నాలుగు నెలల పాటు నేను మా లైనుకి అమ్మవారిని. గొప్పకి చెప్పడం లేదు. ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకుంటే నా ఆకలి చచ్చేది, నిద్ర ఎగిరిపోయేది, కళ్ళు పెద్దవయ్యేవి, మాట పరుగందుకునేది. అది చూసి మా వాళ్ళు చేతులు జోడించారు. నేను కాదనలేదు. కాదనకపోవడం వల్ల మా పక్కింటి పిన్ని గుండె సగం పాడైంది. నా గుండె సంగతి కూడా చెప్తాను గాని, ముందు ఆవిడ సంగతి చెప్పడం న్యాయం.

మాది బెంగాలీల మహానగరంలో, ఖిదిర్‌పూర్ డాక్ గోడ పక్కన రేకుల ఇళ్ళ లైను. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో మురిక్కాలవ, ఆ చివర ఒకే ఒక్క కొళాయి. అందరివీ శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్ళే. తాతలు ఓడల్లోంచి బస్తాలు దించడానికి వచ్చారు. మా నాన్న డాక్‌లో సరుకెత్తే వించి నడిపేవాడు. ఆయన పోయాక అమ్మా నేనూ అక్కడే ఉండిపోయాం. నేను హిందీ బడిలో చదివి, సాల్ట్ లేక్‌లో ఇన్సూరెన్సు క్లెయిములు సరిచూసే ఆఫీసులో పనికి చేరాను. తెలుగు అక్షరాలు మాత్రం నాన్న పాత క్యాలెండరు వెనక రాసి నేర్పినవి. తప్పులుంటే ఆయన్ని అనకండి.

కొళాయి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నీళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వస్తాయి. ఎవరు ముందు లేచి వస్తే వాళ్ళ బిందె ముందు ఉంటుందనుకుంటే పొరపాటు. ఏ కుటుంబం లైనుకి ముందొచ్చిందో వాళ్ళ బిందె ముందు. తాతల నాటి వరస, ఇప్పటికీ అదే. మొదటి బిందె పక్కింటి పిన్నిది. ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కిల్లు కాబట్టి పిన్ని అయింది. యాభై దాటిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. మా నాన్న పోయినప్పుడు ఆ పన్నెండు రోజులూ మాకు అన్నం పెట్టింది ఆవిడే.

చివరి బిందె మా అమ్మది. మేం అందరికన్నా ఆఖర్న వచ్చాం. ముప్పై ఏళ్ళుగా అమ్మ ఆఖర్నే నిలబడింది. చాలాసార్లు తన వంతు వచ్చేసరికి కొళాయి బుస్సుమని గాలి వదిలేది. అమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, రోడ్డు మీది బోరింగు దాకా నడిచేది. నాకు ఒళ్ళు మండేది. నాకు ఒళ్ళు తొందరగా మండుతుంది, అది నాన్న పోలిక.

కొళాయి పక్కనే రేకు కప్పిన చిన్న గుడి. లోపల పసుపు పూసిన రాయి, ఆవిడే మా అమ్మవారు. ఏటా వైశాఖంలో సంబరం చేస్తారు. అప్పుడు లైనులో ఒక ముసలావిడ మీదికి అమ్మవారు వచ్చేది. సంబరానికి ముందు వారం నించే ఆవిడ తిండి మానేసేది, కన్ను మూసేది కాదు, పళ్ళు పటపటా కొరికేది, ఎవరైనా ముట్టుకుంటే విదిలించుకునేది. ఆ ముసలావిడ చలికాలంలో పోయింది. ఇక ఎవరి మీదికి వస్తుందోనని అందరూ ఒకళ్ళనొకళ్ళు ఓరకంట చూసుకుంటున్న రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లో నేను మాత్ర మొదలుపెట్టాను.

ఎందుకు మొదలుపెట్టానంటే, లావుగా ఉండేదాన్ని. ఆఫీసు బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లో నేను కూర్చుంటే నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నిలబడైనా వచ్చేవారు. ఖిదిర్‌పూర్ నించి ఆఫీసున్న సెక్టర్ ఫైవ్ దాకా, గంటకి పైగా, నా పక్కన ఆ అర సీటు ఖాళీగా ఉండేది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, అసలు నాకే పక్కన ఎవరూ ఇష్టం లేనట్టు మొహం పెట్టేదాన్ని.

మా టీములో అందరూ దిది, అంటే అక్క, అని పిలిచే ఒకావిడ మూడు నెలల్లో సగానికి సగమైపోయింది. వాష్‌రూములో అద్దం ముందు అడిగితే, హ్యాండుబ్యాగులోంచి ఒక మాత్రల అట్ట తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద పేరు లేదు, తారీకు లేదు. "సన్నబడే మందు. పొద్దున్నే ఒకటి," అంది బెంగాలీలో. డాక్టరు రాసిచ్చాడా అని అడిగాను. నవ్వింది. రోజంతా ఆసుపత్రి కాగితాలు సరిచూసే దాన్ని నేను. ఒక్క సంతకం లేకపోతే క్లెయిము వెనక్కి కొట్టే దాన్ని. పేరు లేని మాత్ర మాత్రం మంచినీళ్ళతో మింగేశాను.

మొదటి నెల గురించి అబద్ధం చెప్పను. చాలా బాగుంది. ఆకలి లేదు. అమ్మ అన్నం పెడితే ఎవరి కంచమో చూస్తున్నట్టు ఉండేది. ఆఫీసులో ఇద్దరి పని ఒక్కదాన్ని చేసేదాన్ని. బస్సులో ఒకరోజు ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. అంతే, మామూలుగా వచ్చి కూర్చుని ఫోను చూసుకున్నాడు. నేను ఆ గంటన్నరా కదలకుండా కూర్చున్నాను, కదిలితే లేచి వెళ్ళిపోతాడేమోనని.

నిద్ర పట్టక ఏం చెయ్యాలో తోచేది కాదు. వెలుగు రాకముందే లేచి గిన్నెలు తోమేదాన్ని. ఇంట్లో తోమడానికి ఏమీ మిగలకపోతే వెళ్ళి అమ్మవారి గుడి కడిగేదాన్ని. ఇత్తడి దీపం, పళ్ళెం, గంట, గడప, గడప మీది మేకులతో సహా రుద్దేదాన్ని. కొళాయికి వచ్చిన ఆడవాళ్ళు అది చూశారు. తిండి మానేసింది, నిద్ర లేదు, పళ్ళు కొరుకుతోంది, తెల్లారకముందే గుడి కడుగుతోంది. నా వెనక గుసగుసలు వినబడ్డాయి. నా లావు గురించేనని అనుకున్నాను. ఎప్పుడూ అదే కదా.

వైశాఖంలో సంబరం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, నెత్తి మాడే ఎండ. ఆ రోజు నేను రెండు మాత్రలు వేసుకున్నాను, అప్పటికి రెండు రోజులుగా టీ నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. ఘటం ఎత్తారు. డప్పులు మొదలయ్యాయి. నా గుండె డప్పుతో పోటీ పడింది. చేతులు వణికాయి, దవడలు బిగుసుకుపోయాయి, వీపు మీద చెమట కారింది. తర్వాత నేను కొళాయి పక్కన మట్టిలో ఉన్నాను, నా నోరు దాని మానాన అది వాగుతోంది.

ఏం వాగానో సగం గుర్తు లేదు. ఒకటి గుర్తుంది. పిన్ని ఒక చెవి బోసిగా ఉంది. ఆ రోజుల్లో నా కళ్ళకి ప్రతి చిన్నదీ గుచ్చుకునేది. ఆవిడ బియ్యం డబ్బాలోకి మోచెయ్యి దాకా దించి, తల లోపలికి వంచి తీస్తుందని కూడా నాకు తెలుసు. "నీ కమ్మ బియ్యం డబ్బాలో ఉంది, పోయి చూసుకో," అని అరిచాను. ఎవరో పరుగెత్తారు. కమ్మ దొరికింది.

"ఓలమ్మో! గుంట మీదికి అమ్మోరొచ్చిందే!" అని పిన్ని నేల మీద సాగిలపడింది. ఆవిడ వెనకే మా అమ్మ వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. కన్నతల్లి కాళ్ళ మీద పడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. లెమ్మని చెప్పడానికి నా దవడ విడలేదు.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర పిన్ని తన బిందె రెండో చోటికి జరిపింది. వరస చివరికి నడిచి వెళ్ళి, మా అమ్మ బిందె తన చేత్తో తెచ్చి మొదట పెట్టింది. "అమ్మోరి తల్లివి. నువ్వు ఎనకాల నిలబడితే మాకు పాపమే," అంది. అమ్మ నిండు బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చి, దాన్ని కింద దించకుండా అలాగే కాసేపు నిలబడింది. ఆ మొహం చూశాక నేను నిజం చెప్పగలిగే దాన్ని కాదు. ఇంకెవరైనా అయితే చెప్పేవారేమో. నేను చెప్పలేదు.

అక్కణ్ణించి ప్రతి ఆదివారం గుడి ముందు చాప వేసేవారు. నేను కూర్చునేదాన్ని. ఒక డప్పు మోగేది. జనం వచ్చి అడిగేవారు. పిల్లాడి పరీక్ష, మొగుడి తాగుడు, షాలిమార్ రైలు యార్డులో పని ఖాయమవుతుందా లేదా. మాత్ర ఉంటే నాకు ప్రతిదానికీ సమాధానం ఉండేది. అదే దాని గుణం. తెలియదన్న మాట నోట్లోకి రానివ్వదు.

ఒంటికి ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. నోరు పిడచగట్టుకుపోయేది. నిద్రలో కాదు, మెలకువలోనే పళ్ళు కొరికి కొరికి ఒక దవడ పన్ను విరిగింది. మెట్టు ఎక్కితే గుండె గొంతులోకి వచ్చేది, ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పేది, తర్వాత రెండు దెబ్బలు ఒకేసారి పడేవి. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. చేతుల మీద చర్మం కింద చీమలు పాకుతున్నట్టు ఉండేది, గోకి గోకి పుళ్ళు పడ్డాయి. ఆఫీసులో నా వెనక నిలబడి ఎవరో నా స్క్రీను చదువుతున్నారని గంటకి పదిసార్లు తిరిగి చూసేదాన్ని. దిదితో కూడా మాటలు తగ్గించాను. మాత్రల అట్ట తీసుకోవడానికి మాత్రం వెళ్ళేదాన్ని.

వేరే ఏ వీధిలో అయినా ఎవరో ఒకరు, ఈ పిల్లకి జబ్బు చేసింది, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అనేవారు. మా లైనులో నా ప్రతి బాధకీ ఒక పూజ సిద్ధంగా ఉంది. పళ్ళు కొరికితే అమ్మవారికి కోపం వచ్చిందని కొబ్బరికాయ కొట్టారు. చిక్కిపోతే ఉపవాసం అన్నారు. చేతుల మీది పుళ్ళు చూసి అమ్మవారు పోసిందని వేపాకు పరిచి, పసుపు రాశారు. పసుపు మండింది. నేను అరిస్తే, ఆ అరుపుకి కూడా దణ్ణం పెట్టారు. ఏ తలుపు తట్టినా అది ఆ పూజ గదిలోకే తెరుచుకునేది.

ఒకసారి మానేశాను. వానలు మొదలైన రోజుల్లో, మాత్రల అట్టని కాలవ పక్కన చెత్తలో పారేశాను. ఒకటిన్నర రోజు చచ్చినట్టు పడి నిద్రపోయాను. లేచి అన్నం గిన్నె ఖాళీ చేశాను. ఆ తర్వాత వచ్చింది అసలుది. ఏడుపు. కారణం లేదు, అంతూ లేదు. ఒళ్ళంతా సీసం పోసినట్టుంది. ఎందుకు బతకాలో నాకు ఒక్క కారణం గుర్తు రాలేదు, వెతికే ఓపికా లేదు. మానేసిన వాళ్ళకి అలా అవుతుందని, అప్పుడు ఒంటరిగా ఉండకూడదని, డాక్టరు పక్కన ఉండాలని నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఆదివారం చాప మీద కూర్చుంటే డప్పు ఎంతసేపు కొట్టినా తల వేలాడేసుకుని కూర్చున్నాను.

"అమ్మోరు అలిగింది. ఇంట్లో ఏదో మైల జరిగుంటాది," అన్నారెవరో. సోమవారం పొద్దున చూస్తే మా అమ్మ బిందె మూడో చోటికి వెళ్ళింది. మంగళవారం ఇంకా వెనక్కి వెళ్ళింది.

గురువారం ఆఫీసులో టిఫిను డబ్బా తెరిస్తే మూత లోపల కాగితంలో చుట్టి రెండు మాత్రలు ఉన్నాయి. పారేసిన మాత్రలు! నా వల్లే అయ్యుంటుంది, పారేసే ముందు రెండు దాచుకుని మర్చిపోయి ఉంటానని అనుకున్నాను. అప్పటికి నా మీద నాకు నమ్మకం పోయింది కాబట్టి అలా నమ్మడం తేలికైంది. వేసుకున్నాను. ఆదివారం అమ్మవారు తిరిగి వచ్చింది. బిందె తిరిగి మొదటికి వచ్చింది.

శ్రావణంలో పిన్నికి ఛాతీలో నొప్పి మొదలైంది. లైనులో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనే. డాక్టర్ల బెంగాలీ, కాగితాల ఇంగ్లీషు నాకే వచ్చు. పిన్నిని తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులు చూసి, గుండెకి రక్తం వెళ్ళే గొట్టం పూడుకుపోతోంది, చేతిలోంచి సన్నని తీగ పంపి దాన్ని తెరవాలి, ఆలస్యం చెయ్యకూడదు అని వచ్చే వారం బుధవారానికి రమ్మంది. నేను పిన్నికి తెలుగులో చెప్పాను. పిన్ని వినడం లేదు, బల్ల మీది కత్తెర వంక చూస్తోంది.

డాక్టరమ్మ నా వంక చూసింది. నా మణికట్టు పట్టుకుని గడియారం చూసుకుంది. "నువ్వు ఏం వేసుకుంటున్నావు?" అంది. ఏమీ లేదన్నాను. "ఊరికే కూర్చున్న మనిషి నాడి ఇలా ఉండదు. నీ కంటిపాప చూడు, ఇంత వెలుతురులో అంత పెద్దది. బుధవారం ఈవిడతో నువ్వూ వస్తావుగా. నీకు కూడా ఈసీజీ తీస్తాను, రక్తం, మూత్రం పరీక్ష చేయిస్తాను," అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఎదురు తిరిగేదాన్ని.

ఆ ఆదివారం అందరికన్నా ముందు పిన్ని వచ్చి కూర్చుంది. పెద్ద నోరు మనిషి, గొంతు పీలగా వచ్చింది. "తల్లీ, బుధవారం నన్ను ఆసుపత్రికి రమ్మంటన్నారు. ఎల్లమంటావా, వొద్దంటావా?"

"వద్దు," అన్నాను. "కత్తి వద్దు. నేను చూసుకుంటాను."

పిన్ని మొహం విప్పారింది. ఆ మాట కోసమే వచ్చిందన్నట్టు కళ్ళు తుడుచుకుని, నా పాదాల మీద పసుపు పెట్టి వెళ్ళింది. బుధవారం వచ్చింది, పోయింది.

మర్నాటి నించి నాకు నిలకడ లేదు. పొద్దునా సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి బతిమాలాను. "పిన్నీ, వెళ్దాం పద. నేను తీసుకెళ్తాను. డాక్టరమ్మ మంచిది."

"నువ్వు సెప్తే ఎలగమ్మా?" అంది పిన్ని, చాలా ప్రేమగా. "నువ్వు ఏరు, అమ్మోరు ఏరు. ఆయమ్మ వొద్దంది. ఎల్లమని ఆయమ్మే సెప్పాల."

అంతే. నేను మనిషిగా చెప్తే విలువ లేదు. ఆవిడ వినాలంటే నేను మాత్ర వేసుకోవాలి. వేసుకుంటే నా నోరు నా మాట వింటుందో లేదో నాకే తెలియదు. పైగా గుండె ఆ వారంలో రెండుసార్లు పట్టేసింది. ఒకసారి ఆఫీసు మెట్ల మీద కళ్ళు చీకట్లు కమ్మితే రెయిలింగు పట్టుకుని కూర్చుండిపోయాను. ఇంకో ఆదివారం కూడా అలాగే గడిచింది. జ్వరమని పడుకుని తప్పించుకున్నాను. అటు పిన్ని కొళాయి నించి ఇంటికి రావడానికి మధ్యలో ఆగుతోంది. ఆవిడ పెదవుల రంగు మారడం నేను చూశాను. లైనులో అందరూ చూశారు. "అమ్మోరు సూసుకుంటాది," అన్నారు.

చివరికి ఒక ఉపాయం తోచింది. మాత్ర లేకుండా అమ్మవారిని నటిస్తాను. వెళ్ళమని చెప్తాను. శుక్రవారం నించి వేసుకోవడం మానేశాను. ఆదివారానికి ఒళ్ళు తడిసిన బస్తాలా ఉంది. బయట దుర్గాపూజ పందిళ్ళకి వెదురు బొంగులు దించుతున్నారు. చాప మీద కూర్చున్నాను. డప్పు మోగింది. తల ఊపాను, జుట్టు విరబోసుకున్నాను, పళ్ళు కొరికాను. అన్నాళ్ళూ ఆపలేకపోయిన వణుకు ఇప్పుడు తెప్పించుకుందామంటే రాలేదు. "ఆసుపత్రికి వెళ్ళు! ఈ రోజే వెళ్ళు!" అని అరిచాను.

పిన్ని నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "ఇది అమ్మోరు కాదు," అంది. "గుంట యేసం యేస్తంది."

నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్నే నమ్మలేదు.

అప్పుడు మా అమ్మ వచ్చింది. పసుపు నీళ్ళ గ్లాసు నా నోటి దగ్గర పెట్టి, కొంగు ముడి విప్పి, అరచేతిలో ఒక తెల్ల మాత్ర చూపించింది. ఎవరికీ వినబడకుండా నా చెవిలో చెప్పింది. "ఏసుకో తల్లీ. ఇది ఏసుకుంటే వొస్తాది. నానెరుగుదును."

టిఫిను డబ్బా మూత గుర్తొచ్చింది. చెత్తలోంచి ఏరి, కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి పెట్టింది అమ్మే. తర్వాత అడిగితే దాచకుండా చెప్పింది. అది బలానికి వేసుకుంటున్నాననుకుందట. అమ్మవారిని మొయ్యాలంటే ఒంట్లో బలం ఉండాలి కదా అనుకుందట. అమ్మకి అక్షరం రాదు. వచ్చినా ఆ అట్ట మీద చదవడానికి ఏమీ లేదు. నేను అన్నీ చదవగలను.

ఆ మాత్ర తీసుకుని లేచి నిలబడ్డాను. "ఇదిగో మీ అమ్మోరు," అన్నాను. "ఇన్నాళ్ళూ మాట్లాడింది ఇదే. సన్నబడ్డానికి వేసుకున్నాను. ఆకలి చంపేది ఇదే, నిద్ర చంపేది ఇదే, ఈ పుళ్ళూ దీనివే." డప్పు ఆగిపోయింది. అమ్మ అక్కడే కూలబడింది.

పిన్ని మాత్రని తీసుకుని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "అయితే ఆయేల వొద్దన్నది ఎవులు?" అంది.

"మందు పిన్నీ," అన్నాను. "ఆ మందే."

పిన్ని గుడి అరుగు మీద మెల్లగా కూర్చుని, ఎడం చేత్తో ఛాతీ పట్టుకుంది. ఆవిడ మొగుడూ ఇంకో ముగ్గురు మగాళ్ళూ ఆవిడని ఎత్తి టాక్సీలో పడుకోబెట్టారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

అప్పటికే కొన్ని రోజుల కిందట ఒకసారి గుండెపోటు వచ్చి ఉంటుందని, ఎవరూ గుర్తించలేదని డాక్టరమ్మ చెప్పింది. గొట్టం తెరిచారు. ప్రాణం దక్కింది. కాని గుండెలో ఒక భాగం చచ్చిపోయింది, అది తిరిగి రాదు. "రమ్మన్న రోజు వచ్చి ఉంటే ఇలా అయ్యేది కాదు," అంది. ఆ మాట కూడా తెలుగులో చెప్పాల్సింది నేనే. పిన్ని మొగుడికి చెప్పాను.

నన్ను కూడా పడుకోబెట్టి తీగలు తగిలించారు. ఆంఫెటమిన్ జాతి మందు అని మూత్రం పరీక్షలో తేలింది. అది ఆకలిని, అలసటని కనబడకుండా చేస్తుంది గాని తీర్చదు, ఆ అప్పు అంతా గుండె కడుతుంది అంది డాక్టరమ్మ. రక్తపోటు పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది, గుండె కండరం పల్చబడి సాగుతుంది, నా వయసు వాళ్ళకి కూడా పోటు రావచ్చు, మెదడులో నరం తెగవచ్చు. అనుమానాలు, లేని చీమలు, లేని మనుషులు, అవన్నీ దాని పనే. నా గుండె కొట్టాల్సిన బలంతో కొట్టడం లేదు. మందులు వాడితే కొంత బాగుపడవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరికి ఏడాది పాటు వెళ్ళాను. ఇప్పటికీ ఆఫీసు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్న రోజున దిది హ్యాండుబ్యాగు గుర్తొస్తుంది. ఆవిడ ఉద్యోగం మానేసింది. ఎలా ఉందో తెలియదు.

లైనులో నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తిడతారని, వెళ్ళగొడతారని అనుకున్నాను. "మందు సేసిన పని, గుంటదేటి తప్పు?" అన్నారు. పిన్ని కూడా ఆసుపత్రి మంచం మీంచి అదే అంది. అందరూ నాకు మందు అనే గొడుగు పట్టారు, నేను దాని కింద దూరాను. బయటికి రావడానికి దారి కనపడలేదు. అమ్మ మాత్రం ఎవరూ చెప్పకముందే, ఆ సాయంత్రమే, తన బిందె తనే పట్టుకెళ్ళి వరస చివర పెట్టింది.

ఇప్పుడు పొద్దున అమ్మ బిందె నేనే పట్టుకెళ్తాను. మొదటి బిందె మళ్ళీ పిన్నిది. ఆవిడ నిండు బిందె ఎత్తలేదు. బకెట్టులో సగం పట్టుకుని, ఇంటికి చేరేలోపు రెండుసార్లు ఆగుతుంది. నేను ఆ బకెట్టు మోస్తాను. ఆవిడ మోయనిస్తుంది. పోయిన వారం, మధ్యలో మొదట ఆగిన చోట, ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"ఆయేల నువ్వు వొద్దన్నావు సూడు. అప్పుడు నీకు ఒంటి మీద తెలివే లేదు గదా?"

ఉంది. ఆ రోజు మాత్ర వేసుకున్న మాట నిజమే. కాని ఆవిడ ప్రశ్న పూర్తి కాకముందే నా కళ్ళ ముందు డాక్టరమ్మ చెయ్యి, నా మణికట్టు, మూత్రం సీసా కనబడ్డాయి. ఆవిడ బుధవారం వెళ్తే నేనూ వెళ్ళాలి. వెళ్తే దొరికిపోతాను. ఆ లెక్క అంతా వేసుకున్నాకే నోరు తెరిచాను. లేదు పిన్నీ అంటే సరిపోయేది. ఆవిడ కూడా అదే వినాలనుకుంటోంది.

"మందు కాదు పిన్నీ," అన్నాను. "నువ్వెళ్తే నేను దొరికిపోతానని, నేనే వద్దన్నాను. తెలిసే అన్నాను."

పిన్ని నా వంక చూడలేదు. నా చేతిలోంచి బకెట్టు తీసుకుని, తనే మోసుకుంటూ ఇంటికి వెళ్ళింది. మధ్యలో మూడుసార్లు ఆగింది.